కారం తగిలిన రొట్టె

"పాత గది పడగొట్టిస్తున్నానే. మీ అమ్మమ్మ సామాన్లలో నీకేమైనా కావాలంటే వచ్చి తీసుకుపో" అని మావయ్య ఫోన్ చేసినప్పుడు నేను గుంటూరులో నా మిషను ముందు కూర్చుని ఎవరిదో పెళ్లి జాకెట్టుకి చేతులు కలుపుతున్నాను. అమ్మమ్మ సామాన్లలో తీసుకుపోవడానికి ఏముంటాయి చెప్పండి. చిల్లు పడిన బిందె, కాలు విరిగిన పీట, ట్రంకుపెట్టెలో కలరా ఉండల వాసన కొట్టే ఒక తెల్లచీర. అయినా జాకెట్టు అక్కడే పడేసి చీరాల బస్సెక్కాను. ఒక వస్తువు మాత్రం అక్కడే ఉండాలి, ఎవరూ తీసి ఉండరు అని నా నమ్మకం. నిజంగానే ఉంది. పొయ్యి వెనక గోడకి, అదే మేకుకి, అదే గుడ్డసంచిలో. తీసి చూస్తే ఇనప పెనం నిండా తుప్పు. వేలు రాస్తే ఎర్రగా పొడి రాలింది. ఇంకెవరింట్లోనైనా పెనానికి తుప్పు పడితే చింతపండేసి తోముకుంటారు, అంతే. నేను మాత్రం ఆ గది మధ్యలో చతికిలబడిపోయాను. అమ్మమ్మ బతికున్నన్నాళ్లూ ఆ పెనానికి తుప్పు పట్టనివ్వలేదు మరి.

మా అమ్మా నాన్నా పొగాకు కాల్చే బ్యారన్లలో పనికి ఊళ్లు తిరిగేవాళ్లు. నన్ను అమ్మమ్మ దగ్గర పడేశారు. అమ్మమ్మ పేరు సువార్తమ్మ. మిరపకోతల కూలి. మిరపకాయలు ఎరగని వాళ్లకి ఆ ఇళ్లు ఎట్లా ఉంటాయో చెప్పినా అర్థం కాదు. మాఘమాసం వచ్చిందంటే ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుంటాయి. గాలి వీస్తే ఊరు ఊరంతా తుమ్ముతుంది. దుప్పటి దులిపితే ఘాటు, జడ విప్పితే ఘాటు, అమ్మమ్మ ప్రేమగా బుగ్గ నిమిరితే గంటసేపు మంట. నేను చిన్నప్పుడు ఏడ్చిన ఏడుపుల్లో సగం ఆ చేతుల వల్లే. ఆవిడకి ఇంకో అలవాటు కూడా ఉండేది, దవడలో చిన్న పొగాకు ముక్క. ఎవరైనా చూస్తే వక్కపలుకని చెప్పేది. దేవుడికి తెలియదా అమ్మమ్మా అంటే, "ఆయనకి తెలిస్తే పర్లేదే, అయ్యగారికి తెలియకూడదు" అనేది. అయ్యగారంటే మా గుడి పాస్టరుగారు. మా పేటలో ఆయన్ని అందరం అట్లాగే పిలిచేవాళ్లం.

నెలకో ఆదివారం గుళ్లో బల్ల ఉండేది. ప్రభువు బల్ల. రొట్టె విరిచి, ద్రాక్షరసంతో అందరికీ పంచుతారు. ఆ రొట్టె చేసేది మా అమ్మమ్మ. అందుకు వేరే పెనం, దాని మీద జన్మలో ఒక్క అట్టు కూడా పోయలేదు. ఆ పని ఆవిడకి ఎట్లా వచ్చిందో నాకు వందసార్లు చెప్పుంటుంది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, ఒంటి మీద మంచి చీర కూడా లేనప్పుడు, అప్పటి ముసలి అమ్మగారు, అంటే అప్పటి అయ్యగారి భార్య, గుడి అయ్యాక పిలిచి ఈ పెనం చేతిలో పెట్టి "ఇకనుంచి రొట్టె నువ్వు చెయ్యవే" అందట. సంఘంలో చదువుకున్నవాళ్లున్నారు, ఉన్నవాళ్లున్నారు, నేనెందుకండీ అని అమ్మమ్మ నోరెళ్లబెట్టింది. "ఎందుకేంటే, ఊరకే" అందట ఆవిడ. ఆ మాట చెప్పేటప్పుడల్లా అమ్మమ్మ ముఖం కొత్త పెళ్లికూతురి ముఖంలా అయిపోయేది. కృప, కృప అని అయ్యగార్లు గంటలు గంటలు చెప్తారు కదా, దాన్ని అమ్మమ్మ చెవులతో వినలేదు. చేత్తో పట్టుకుంది. కృపంటే ఆవిడకి ఆ పెనమే.

బల్ల ముందురోజు శనివారం ఎంత కూలి వస్తుందన్నా మధ్యాహ్నం నుంచి కోతకి పోయేది కాదు. దవడలో పొగాకు ముక్క ఉమ్మేసేది. తలంటుకునేది. తర్వాత చేతుల సేవ మొదలు. పుల్లమజ్జిగలో నానబెట్టడం, కొబ్బరినూనె రాయడం, శనగపిండితో రుద్దడం, మళ్లీ మజ్జిగ. ఆదివారం పొద్దున్నే పిండి ముట్టుకునే ముందు నన్ను లేపి, చూపుడువేలు నా కింది పెదవి మీద రాసేది. "చుర్రుమందా?" అనేది. చుర్రుమంటే మళ్లీ మజ్జిగ. ఏమీ లేదంటేనే పిండి. నాకేమో నిద్ర, ఆవిడకేమో పట్టుదల. ఒక్కోసారి మూడు మాట్లు రాసేది. కోపమొచ్చి వేలు కొరికాను కూడా. ఆ తర్వాత మాట్లాడకుండా కలిపేది, ఉప్పు వెయ్యకుండా, పొంగనివ్వకుండా. వేళ్లతో పల్చగా అద్ది, విరవడానికి సుళువుగా కత్తితో గీతలు గీసేది. కాలుతున్న ఆ రొట్టె వాసన మా ఇంట్లో మిరపకాయ వాసనని తోసేసే ఒకే ఒక్క వాసన. ఇంకే వంట వల్లా కాలేదది.

ఆ ఆదివారం కూడా నా పెదవి మీద వేలు రాసింది. ఏమీ లేదన్నాను. పిండి కలిపి తడిగుడ్డ కప్పింది. అప్పుడు వాకిట్లో మోపెడ్ ఆగింది. జకరయ్య తాత. సంఘపెద్ద. గుడి తాళంచెవులు ఆయన మొలతాడుకే ఉండేవి, బల్ల రోజు రొట్టె పళ్లెం పట్టుకుని పంచేదీ ఆయనే. మా పేటలో కౌలుకి పొలం పట్టి సొంతంగా మిరప వేసిన మొదటి మనిషి. ఇస్త్రీ పంచె మీద ఉన్నాడు.

"సువార్తా, మబ్బు చూశావా. కల్లంలో కాయంతా ఆరబోసుంది. నలుగురాడాళ్లని కేకేసుకుని పోయి పట్టలు కప్పెయ్."

"పిండి కలిపాను అన్నా. రొట్టె కాల్చాల."

"రొట్టెదేముంది, వచ్చి కాల్చుకోవచ్చు. కాయ తడిస్తే మళ్లీ ఎర్రగా అవుద్దా?"

"నువ్వు రావా?"

"నేనిట్టా పంచెతో వస్తే గుడి ఎవరు తియ్యాల?" అని మోపెడ్ తిప్పుకున్నాడు.

అమ్మమ్మ ఒకసారి పిండి వంక చూసింది, ఒకసారి మబ్బు వంక చూసింది. పోయింది. కాయ కుప్పకి నెట్టి పట్ట కప్పడమంటే చేతులతోనే కదా, మోచేతుల దాకా కాయలో మునగాల్సిందే. నాలుగు పెద్ద చినుకులు పడి వాన ఎటో పోయింది. అమ్మమ్మ పరిగెత్తుకుంటూ వచ్చేసరికి గుళ్లో మైకు మొదలైంది. మజ్జిగలో చేతులు ముంచిందా అంటే ముంచింది. రుద్దిందా అంటే రుద్దింది. నా పెదవి మీద మాత్రం రాయలేదు. వేళ లేదు. పిండి అద్దింది, కాల్చింది, తెల్లగుడ్డలో చుట్టింది, తెల్లచీర సగం చుట్టుకుంటూనే పరిగెత్తింది.

ఇప్పుడు తల్చుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. జకరయ్య తాత పళ్లెం పట్టుకుని వరసలో పంచుకుంటూ పోయాడు. ముందు మగాళ్ల వైపు ఎవరో దగ్గారు. ఆడాళ్ల వైపు ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ముక్క చిన్నదే, కానీ పొద్దున్నుంచి పచ్చిమంచినీళ్లు కూడా తాగకుండా వచ్చిన నాలుకలు కదా. కాసేపటికి గుడంతా ముక్కులెగబీలుస్తోంది. కళ్లు తుడుచుకుంటోంది. అయ్యగారు అప్పటికి కొత్త, కుర్రాడు. ఆయన ముక్క ఇంకా చేతిలోనే ఉంది, చివర తింటాడు మరి. అందరి కళ్లల్లో నీళ్లు చూసి, తన వాక్యానికే సంఘం కరిగిపోయిందనుకున్నాడు. గొంతు పెంచాడు. "ఏడవండి, బాగా ఏడవండి, ఈ కన్నీళ్లు ఆయన చూస్తున్నాడు" అని చేతులెత్తి ప్రార్థన అందుకున్నాడు. అది ఎంతసేపు చేశాడో. చేసి, రొట్టె నోట్లో వేసుకున్నాడు. వేసుకున్నాక ఆయన ముఖం ఎట్లా మారిందో చూసి వెనక వరసలో ఒక పోరగాడు కిసుక్కుమన్నాడు. వాడి పక్కన ఇంకొకడు. ఆ నవ్వు గుడంతా పాకింది. అయ్యగారికి కారం పోయినా ఆ నవ్వు పోలేదనుకుంటాను.

ఆరాధన అవగానే అమ్మమ్మని ముందుకి పిలిచారు. పెద్దలంతా కుర్చీల్లో కూర్చున్నారు, జకరయ్య తాత మధ్యలో. "ప్రభువు శరీరమంటే నీకు ఆటగా ఉందా?" అన్నారు అయ్యగారు. అమ్మమ్మ చేతులు వెనక దాచుకుని నిలబడింది. కాయలో పనిచేశావా అంటే చేశానంది. బల్లరోజు పొద్దున్న కాయలో చెయ్యి పెట్టాల్సిన పనేమొచ్చింది అంటే జకరయ్య తాత వంక చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను "జకరయ్య తాతే..." అని నోరు తెరిచాను. అమ్మమ్మ నా జబ్బ మీద గిల్లింది. ఆ గిల్లిన చోట కూడా మండింది.

పెద్దలు తేల్చి చెప్పింది ఇదీ. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పయిందని ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా బల్ల ఆపుతారు. రొట్టె ఎప్పటికీ చెయ్యకూడదు, పెనం తెచ్చి ఇచ్చెయ్యాలి.

అమ్మమ్మ మామూలు గొంతుతోనే అడిగింది. "అయ్యగారూ, కృప ఊరకే వస్తుందని పోయిన వారమేగా మీరు చెప్పింది. పని చేసి సంపాదించుకునేది కాదన్నారు. మరి నా దాకా వచ్చేసరికి ముందు ఒప్పుకోవాలంటన్నారు. ఊరకేనా, కాదా? ఏదో ఒకటి చెప్పండి."

"నోరు ఎక్కువైంది నీకు" అన్నాడు జకరయ్య తాత. ఆరోజు ఆయన మాట్లాడింది ఆ ఒక్క మాటే.

"పెనం మాత్రం ఇవ్వను. ఇచ్చినావిడొచ్చి అడిగితే ఇస్తాను" అంది అమ్మమ్మ. ఇచ్చినావిడ చనిపోయి అప్పటికే ఎన్నో ఏళ్లయింది.

ఇంటికొచ్చాక నేను ఎగిరిపడ్డాను. ఎందుకు చెప్పలేదు, ఆయనే పంపాడని ఎందుకు చెప్పనివ్వలేదు అని. అమ్మమ్మ పొయ్యి ముందు కూర్చుని దవడలో పొగాకు ముక్క పెట్టుకుంది. "ఆ మాట ఆయన నోట్లో ఉందే. మింగుతాడో కక్కుతాడో ఆయనిష్టం. ఆయన మాట నేనెందుకు చెప్పాల?" అంది. తప్పయిందని ఒక్క ముక్క అనేస్తే పోతుంది కదా అంటే, "తప్పయితే కాళ్ల మీద పడి చెప్తానే, నాకేం సిగ్గు. పైనున్న ఆయనకి చెప్పుకున్నా కూడా, మజ్జిగ చాల్లేదయ్యా అని. కానీ అది చెప్తేనే ఇస్తానంటే అది కొనుక్కోవడం. నాకు ఊరకే ఇచ్చినదాన్ని నేను కొనుక్కోను" అంది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. నేను పదో తరగతి తప్పినదాన్ని. ఇద్దరిలో ఆరోజు ఎవరికేం అర్థమైందో నాకిప్పటికీ తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆవిడ ఆ ముక్క కోసం చచ్చేంత ఆకలితో ఉండేది.

ఎందుకంటే గుడి మానలేదు. బల్లరోజు తప్పకుండా తెల్లచీర కట్టుకుని పోయేది. వెనక, చెప్పులు వదిలే చోట చాప మీద కూర్చునేది. జకరయ్య తాత పళ్లెం పట్టుకుని వరసలు దాటుకుంటూ వచ్చేవాడు. పళ్లెం అమ్మమ్మ పక్కావిడ దాకా వచ్చేది. అక్కడ ఆయన కళ్లు గోడ మీదికి పోయేవి, పళ్లెం అమ్మమ్మ తల మీంచి అవతలికి పోయేది. అమ్మమ్మ చేతులు మాత్రం ఒళ్లో అరచేతులు పైకే తెరుచుకుని ఉండేవి, ప్రతిసారీ. అది చూడలేక నేను బయటికి పోయి చెప్పులు లెక్కపెట్టేదాన్ని. ఇంటికొచ్చి మేకున ఉన్న పెనం దించి, నువ్వులనూనె చుక్కేసి గుడ్డతో తుడిచి మళ్లీ తగిలించేది. "ఎప్పుడు పిలుస్తారో ఏమో, తుప్పు పట్టుంటే బాగోదుగా" అనేది. ఏ షరతూ లేకుండా, ఊరకే రమ్మని పిలుస్తారని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకానికి నాకిప్పటికీ కోపమొస్తుంది.

అంతకంటే కోపమొచ్చేది వానొచ్చినప్పుడు. మబ్బు పట్టిందంటే చాలు, ఎవరూ పిలవకుండానే అమ్మమ్మ కొంగు బిగించి జకరయ్య తాత కల్లానికి పరిగెత్తేది. "నీకు సిగ్గు లేదా, వాళ్ల కాయ తడవనీ, కుళ్లిపోనీ" అని నేను దారికి అడ్డం పడితే నన్ను పక్కకి నెట్టి, "కాయేం చేసిందే పాపం" అనేది. పట్ట కప్పి వచ్చేసేది. ఆయన ఎదురుపడితే తల పక్కకి తిప్పుకునేవాడు. ఒకసారి మాత్రం ఆవిడ పట్ట అంచుల మీద రాళ్లు పెడుతుంటే కాస్త దూరంలో మోపెడ్ ఆపుకుని అట్లాగే నిలబడి చూశాడు. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని నేను కాచుక్కూర్చున్నాను. కిక్ కొట్టుకుని పోయాడు.

అమ్మమ్మ మంచాన పడినప్పుడు, ఇక లేవదని తెలిశాక, మావయ్య పోయి అయ్యగారిని బతిమాలాడు. అయ్యగారు పాపం రొట్టె, రసం తీసుకుని వచ్చాడు. ఆయనా అప్పటికి మెత్తబడ్డాడు, జుట్టు కూడా నెరిసింది. కానీ పెద్దలు ఒప్పుకోరు కదా, వాళ్ల కట్టుబాటు వాళ్లది. మంచం పక్కన వంగి, "సువార్తమ్మగారూ, ఒక్కమాట. తప్పయింది అనండి, చాలు. నేను వింటాను, ఇంకెవరూ వినక్కర్లేదు" అన్నాడు. ముక్క ఆయన వేళ్ల మధ్య ఉంది, ఆవిడ నోటికి జానెడు దూరంలో. అమ్మమ్మ కళ్లు ఆ ముక్క మీదే ఉన్నాయి. పెదవులు ఆడాయి. అందరం వంగాం. "ఊరకేనా?" అంది. అయ్యగారు ముక్క పట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమ్మమ్మ నోరు మూసుకుంది. ఆయన ఏడ్చుకుంటూనే ముక్క మళ్లీ గుడ్డలో చుట్టుకుని పోయాడు.

ఇప్పుడు ఆ పెనం సంచిలో పెట్టుకుని బస్టాపుకి నడుస్తుంటే జకరయ్య తాత వాళ్ల అరుగు మీంచి ఆయన కోడలు రాణి వదిన కేకేసింది. "ఏయ్ ఎస్తేరూ, ఎండలో ఎక్కడికే, చూడనట్టు పోతున్నావు. లోపలికొచ్చి మంచినీళ్లు తాగి పో." పిలిచాక పోకపోతే బాగుండదు. పోయాను. ఇల్లు డాబా అయ్యింది. గుడీ డాబా అయ్యిందట, గోడమీద పాలరాతి పలక మీద ముందు పేరు ఈయనదేనట. తాత నవారు మంచం మీద గోడకానుకుని ఉన్నాడు. చిన్నపిల్లాడిలా అయిపోయాడు. మనుషుల్ని గుర్తుపట్టడం మానేసి చాలా కాలమైందని, కొడుకునే ఎవర్రా నువ్వు అంటాడని వదిన నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ ఆయనకి నేను వేద్దామనుకున్న ప్రశ్నలన్నీ నోటి దాకా తెచ్చుకుని కూర్చుంటే, ఆయన దగ్గర గుర్తే లేదు. అమ్మమ్మ చచ్చేదాకా మోసిన రోజుని ఆయన దించేసుకుని హాయిగా కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడక్కుండానే ఆయనకి విడుదల దొరికిపోయింది.

ఆరోజు బల్ల ఆదివారమని నాకు గుర్తు లేదు. నేను గ్లాసు కింద పెడుతుంటే ఇప్పటి కొత్త అయ్యగారు బైకు మీద వచ్చాడు. గుడికి రాలేని ముసలివాళ్లకి ఇంటికే తెచ్చి ఇస్తారు. రొట్టె ఇప్పుడు ఎవరూ చెయ్యరట, గుంటూరు నుంచి ప్యాకెట్లో వస్తుంది, బిళ్లల్లాగా తెల్లగా, అన్నీ ఒకే కొలత. రసం చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో. అయ్యగారు తాత గడ్డం పట్టుకుని, "నోరు తెరవండి పెద్దాయనా" అన్నాడు. ఒప్పుకోమనలేదు. ఏమీ అడగలేదు. అడిగినా ఆయనకి తెలియదు. నోరు తెరిచాడు, బిళ్ల పెట్టారు. అంతే. ఎంత సుళువుగా పెట్టారో.

అయ్యగారు నా వైపు తిరిగి, మంచి మనిషే పాపం, "మీరూ తీసుకుంటారా అమ్మా?" అన్నాడు.

"నేనేమైనా ఒప్పుకోవాలా అయ్యగారూ?"

"ఎందుకమ్మా?" అని ఆశ్చర్యంగా నవ్వాడు. "అదేం లేదు. ఊరకే."

"నాకొద్దండీ" అన్నాను.

తాత బిళ్లని నోట్లో అటూ ఇటూ తిప్పుతున్నాడు. ముఖం చిట్లించాడు. నమిలాడు, ఆగాడు, మళ్లీ నమిలాడు. "మండట్లా" అన్నాడు.

"ఏంది మామయ్యా?" అంది వదిన.

"ఇది మండట్లా. ఇది కాదు." ఆయన కళ్లు వెతుక్కుంటూ వచ్చి నా ఒళ్లో ఉన్న సంచి మీద ఆగాయి. పెనం అంచు బయటికి కనపడుతోంది. దాన్నుంచి నా ముఖం మీదికి వచ్చాయి. "సువార్తా" అన్నాడు, పిలవడం మొన్న మొన్ననే మానేసినట్టు. "రొట్టె తెచ్చావా?"

వదిన నెత్తి కొట్టుకుంది. "ఏమనుకోకు ఎస్తేరూ, మతి లేదు. మీ అమ్మమ్మ అనుకుంటున్నాడు."

"ఒక్క ముక్క పెట్టు సువార్తా" అని తాత అరచెయ్యి చాపాడు. ఎముకలు తేలిన చెయ్యి, పైకి తెరిచి. ఆ చెయ్యి ఎక్కడ చూశానో నాకు తెలుసు. వెనక చాప మీద, తెల్లచీర ఒళ్లో చూశాను. అప్పుడు పళ్లెం ఈయన చేతిలో ఉంది.

వదిన వాళ్ల వంటింట్లో పిండి ఉంది, పొయ్యి ఉంది. పెనం నా ఒళ్లోనే ఉంది. మా అమ్మమ్మయితే కాయేం చేసిందే పాపం అన్న గొంతుతోనే ఇంకేదో అనుకుని, కొంగు బిగించి, ఈపాటికి తుప్పు రుద్దడం మొదలుపెట్టి ఉండేది. తప్పయిందని ఆయన అనేదాకా ఆగేది కాదు. నాకా సంగతి ఎంత బాగా తెలుసో చెప్పలేను.

బస్సు హారన్ వినపడింది. సంచి చంకన పెట్టుకుని లేచాను. నేను గుమ్మం దాటేటప్పటికి కూడా ఆయన చెయ్యి అట్లాగే ఉంది.